తల కదలని పిల్ల

రోహ్‌తక్ దగ్గర,
21 ఏప్రిల్ 2025

అత్తమ్మా,

ఉత్తరం చూసి కంగారు పడకు, నేను బాగానే ఉన్నాను. బాక్సింగ్ క్యాంపులో అడుగు పెట్టగానే మా ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. పోటీ అయ్యేదాకా ఇవ్వరట. ఆఫీసులో ఒక ఫోను ఉంది కానీ, ఎవరికైనా ప్రాణం మీదికి వస్తేనే దాన్ని ముట్టుకోవాలని మా కోచ్ సురేందర్ సార్ చెప్పారు. అందుకే ఈ ఉత్తరం. స్కూల్ లైబ్రరీలో కూర్చుని ఎవరెవరో రాసినవన్నీ చదువుతావు కదా, నా కోడిగీతలు కూడా చదువు.

జూన్ 28న పుణెలో నా మొదటి ప్రొఫెషనల్ పోటీ. ఆరు రౌండ్లు. గెలిస్తే ఇంకో ఏడాది ఇక్కడే ఉంచుకుంటారు. ఓడితే నాంపల్లి రైలెక్కి నీ దగ్గరికి రావడమే. ఇన్నాళ్లూ స్టేడియంలో ఆడినప్పుడు తలకు మెత్తటి హెడ్‌గార్డ్ ఉండేది. ఇక్కడ అదేమీ లేదు. గ్లోవ్స్ కూడా పల్చన.

ఇక అసలు సంగతి. నా తల కదలదట. సార్ రెండు స్తంభాలకు భుజం ఎత్తున తాడు కట్టి, దాని కింద నుంచి ఇటొకసారి అటొకసారి దూరుతూ ముందుకు నడవమంటారు. అందరూ సునాయాసంగా పోతున్నారు. నేను మాత్రం నడుము దాకా వంగుతాను, తల వంగదు. తాడు వచ్చి నుదుటికి తగులుతుంది. "నీ తలను ఎవరో మేకు కొట్టి బిగించారు" అన్నారు సార్. పిడికిలి వస్తే పెద్దగా తప్పుకోనక్కర్లేదట, నాలుగు వేళ్ల సందు చాలట. అంతకన్నా ఎక్కువ జరిగితే తిరిగి కొట్టడానికి మన చెయ్యి అందదట.

నాకు అర్థం కానిది ఏమిటంటే, దెబ్బ వచ్చేది కనిపిస్తుంది. ఎటు జరగాలో తెలుస్తుంది. అయినా తల అక్కడే ఉంటుంది. ఎందుకో నీకేమైనా తెలుసా? నీకు తెలియకపోయినా తెలుసుకునేదాకా ఊరుకోవని తెలిసే అడుగుతున్నాను.

దెబ్బలు తినడం గురించి మాత్రం దిగులు పడకు. నిన్న నన్ను కొట్టిన పిల్ల, తన చేతికి తనే ఐసు పెట్టుకుంది.

నీ మొండి మేనకోడలు,
వనిత

*

నాంపల్లి,
28 ఏప్రిల్

వనితా,

నాలుగు వేళ్ల సందు అన్నావు, ఎవరి వేళ్లు? మీ సార్ వేళ్లా, నీ వేళ్లా? అడ్డంగానా, నిలువుగానా? పిడికిలి వచ్చేటప్పుడు కళ్లు మూసుకోవా? మూసుకోకపోతే ఎలా ఆపుతావు? నేను ఉల్లిగడ్డ కోసేటప్పుడే ఆపలేను. వీటన్నిటికీ జవాబు రాయి.

నీ ఉత్తరం వచ్చిన రోజే డాబా మీద బట్టలారేసే తాడును భుజం ఎత్తుకు దించి కట్టాను. తడి దుప్పటి పక్కకు జరిపి, కొంగు దోపుకుని, కింద నుంచి దూరడం మొదలుపెట్టాను. మన ఇంటి ఓనర్ వామన్‌రావు గారు పూలకుండీలకు నీళ్లు పొయ్యడానికి పైకి వచ్చి నన్ను చూశారు. "ఏంది కమలమ్మా, గీడ ఏమన్న పోగొట్టుకున్నవా?" అన్నారు. "ఔ సార్, నా కోడలి తల దొరుకుతలేదు" అన్నాను. నీళ్ల డబ్బా అక్కడే పెట్టి దిగిపోయారు. నా తల కూడా వంగలేదు, ఆ మాట నీకు చెప్పాలి. అప్పుడే నాకు విషయం తెలిసిపోయింది.

ఆ మేకు కొట్టింది నేనే. నువ్వు పదేళ్ల పిల్లవప్పుడు మా ఇంటికి చదువుకోవడానికి వచ్చావు. పన్నెండో ఏట మన ఇంటి బోనం నీ తల మీదికి ఎక్కింది. అంతకు ముందు వేసవి సెలవులంతా నీ తల మీద నీళ్ల చెంబు పెట్టి వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా నడిపించాను. నీళ్లు ఒలికితే తుడవడం నీ పనే. నువ్వు చెంబు లేకుండా కూడా అలాగే నడిచేదానివి. బడిలో టీచర్ పిలిచినా తల తిప్పక మొత్తం మనిషివే తిరిగేదానివి. అందరూ పొగరనుకున్నారు.

మీ నాయనమ్మ అయితే నాకన్నా ఘనురాలు. బోనంలో అన్నంతో పాటు పెట్టే పెరుగు ముందు రోజు తోడు వేస్తాం కదా, అది విరిగితే ఆ ఏడు ఆ పిల్ల బోనం ఎత్తకూడదనేది. ఒకసారి నాకలాగే అయింది. ఎండకు పెరుగు విరిగింది, నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది. నేను ఆ ఏడాదంతా అమ్మతో సరిగా మాట్లాడలేదు. నీ దాకా ఆ పట్టింపు రానివ్వలేదు.

నా సలహా అడిగితే, ఉన్న గుణాన్ని ఎందుకు పోగొట్టుకోవడం? దెబ్బ కూడా ఒక బరువే కదా. పై నుంచి రాకుండా పక్క నుంచి వస్తుంది, అంతే. మెడ గట్టిగా ఉంటే మోస్తుంది. నువ్వు నిండు కుండతో గంటసేపు జనంలో నిలబడ్డదానివి. నీ పాత చుట్టబట్ట పంపుతున్నాను, తల మీద కుండ కింద పెట్టుకునేదానివే, గులాబీ రంగుది. రోజూ కాస్త బరువు పెట్టుకుని నడువు. నువ్వుల లడ్డూలు కూడా ఉన్నాయి.

ఎదురు చూస్తూ,
కమలత్త

*

రోహ్‌తక్ దగ్గర,
19 మే

అత్తమ్మా,

చుట్టబట్ట అందింది. ముక్కుకు పెట్టుకుంటే పసుపు వాసన ఇంకా ఉంది. లడ్డూలు నేను తినలేదు, బరువు తూకం ఉంటుంది. నా గది వాళ్లు తిని, మీ అత్తను కూడా క్యాంపులో చేర్పించమన్నారు.

నీ ప్రశ్నలకు జవాబులు. వేళ్లు ఎవరివైనా సరే, అడ్డంగా. కళ్లు మూసుకుపోతాయి, మూసుకోకుండా ఉండడం నేర్పిస్తారు. టెన్నిస్ బంతిని నుదుటి ముందు తాడుకు వేలాడదీసి ఊపుతారు, అది ముక్కు మీదికి వస్తున్నా చూస్తూ ఉండాలి. పిడికిలిని చూస్తే ఆలస్యం అయిపోతుందట, ఎదుటి మనిషి రొమ్మును చూడాలట. చెయ్యి కదిలే ముందు భుజం కదులుతుంది, భుజం కదిలే ముందు రొమ్ము కదులుతుంది. నేను బోనం ఎత్తేటప్పుడు నువ్వు "కాళ్లు చూడొద్దు, దూరంగా చూడు" అనేదానివి, అలాంటిదే.

నీ సలహా నాకు బాగా నచ్చింది. రోజూ పొద్దున్నే చుట్టబట్ట మీద ఇసుక సంచి పెట్టుకుని గ్రౌండు చుట్టూ నడుస్తున్నాను. మెడ గట్టిపడింది. సార్ చూసి ఇదేం ఊరేగింపు అని అడిగారు. చెప్పాను. ఆయన నవ్వలేదు. "దెబ్బ తినడం అంటే దాన్ని ఆపడం కాదు, దానితో పాటు పోవడం. గడ్డం భుజం వెనక దాచు. మోచేత్తో తీసుకో. తప్పక తలకు తగిలితే అది పోయే వైపే తిరుగు. క్యాచ్ పట్టేవాడు చేతులు వెనక్కి లాక్కోడా?" అన్నారు. మరి గట్టి మెడ ఎందుకు సార్ అన్నాను. "మెడ మంచిదే, మొండితనం మంచిది కాదు" అన్నారు. నాకు కోపం వచ్చింది. తనకు చేతకానిదాన్ని తప్పంటున్నారు అనిపించింది.

పుణెలో నాతో తలపడే పిల్ల చాలా గట్టిగా కొడుతుందట, కానీ మూడో రౌండుకల్లా అలసిపోతుందట. కాబట్టి నేనొకటి అనుకున్నాను. మొదటి రెండు రౌండ్లు బోనం ఎత్తుకున్నట్టు కదలకుండా నిలబడి అన్నీ మోస్తాను. తర్వాత నా వంతు.

శనివారం అలాగే ప్రాక్టీసు చేశాను. సాయంత్రం కాసేపు ట్యూబ్‌లైటు వైపు చూడలేకపోయాను. బకెట్ నింపి గదిలో పెట్టి, నింపిన సంగతే మరిచిపోయి మళ్లీ ఖాళీ బకెట్ కోసం వెతికాను. అందరం నవ్వుకున్నాం. సార్‌కు చెప్పలేదు, చెబితే పోటీ నుంచి తీసేస్తారు.

నీ చెంబు పిల్ల,
వనిత

*

నాంపల్లి,
2 జూన్

వనితా,

బకెట్ సంగతి చదివి నాకు నవ్వు రాలేదు.

మా లైబ్రరీలో పదో తరగతి జీవశాస్త్రం తీసి చూశాను. పిల్లలకు ఎన్నిసార్లు ఇచ్చి ఉంటానో, ఆ పేజీ ఎప్పుడూ చదవలేదు. మెదడు పుర్రెకు అతుక్కుని ఉండదట. నీళ్లలాంటి ద్రవంలో తేలుతూ ఉంటుందట. అది చదివాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఇంటికి వచ్చి మూడు టిఫిన్ డబ్బాల్లో పెరుగు తోడు వేశాను.

మొదటి డబ్బాను ఎడమ చేత్తో గోడకు అదిమి పట్టుకున్నాను, నువ్వు నిలబడాలనుకున్నట్టు, కదలకుండా. కుడి చేత్తో గుద్దాను. నా వేళ్లు వాచాయి, అది వేరే సంగతి. మూత తీస్తే పెరుగు ముక్కలై నీళ్లు తేలి ఉన్నాయి. బయట డబ్బాకు సొట్ట కూడా పడలేదు.

రెండోదాన్ని సంచిలో వేసి దూలానికి వేలాడదీసి గుద్దాను. దెబ్బతో పాటు ఊగింది. అంచున కొంచెం చెదిరింది, అంతే. మీ సార్ క్యాచ్ సంగతి ఇదే కదా. మూడోదానికి వామన్‌రావు గారిని పిలిచాను. ఆయన గుద్దబోతే నేను సంచిని పక్కకు జరిపాను, నాలుగు వేళ్లే. ఆయన చెయ్యి గాలికి పోయింది. పెరుగు పెట్టింది పెట్టినట్టే ఉంది. "గిదంతా ఏందమ్మా?" అన్నారు. చెప్పాను. ఆయన నవ్వడం ఆపి, "పిల్లకు జల్ది చెప్పు" అన్నారు. వెళ్తూ వెళ్తూ మొదటి డబ్బాలోది మజ్జిగ చేయించుకుని తాగారు.

దెబ్బ బరువు కాదు బిడ్డా. నేను తప్పు రాశాను. బరువు తల మీద కూర్చుంటుంది, దెబ్బ లోపలికి పోతుంది. గట్టి మెడ తలను ఆపుతుందేమో, లోపలి దాన్ని ఆపలేదు.

ఇంకో సంగతి కూడా తప్పే చెప్పాను. నీ తలను కదలకుండా ఆపింది మెడ కాదు. నిన్న బిందె ఎత్తుకుని డాబా మీద నడిచి చూసుకున్నాను. తల నిశ్చలంగా ఉండడానికి మోకాళ్లు వంగుతున్నాయి, నడుము తిరుగుతోంది, కింద ఉన్నదంతా కదులుతోంది. నీకు పదహారేళ్లప్పుడు మన గల్లీ మలుపులో పోతరాజు కొరడా తిప్పుకుంటూ ఒక్కసారిగా నీ మీదికి వచ్చాడు, జ్ఞాపకం ఉందా? అందరూ అరిచారు. నువ్వు తల వంచలేదు. మోకాళ్ల మీద కిందికి జారి, పక్కకు తిరిగి లేచావు. కొరడా పై నుంచి పోయింది. బోనం మీద దీపం కూడా ఆరలేదు. సార్ చెప్పేది నీకు వచ్చు. తల కదపాలని చూడకు, దాని కింద నుంచి నువ్వు కదులు.

మోస్తూ నిలబడొద్దు. ట్యూబ్‌లైటు సంగతి సార్‌కు చెప్పు. తీసేస్తే తియ్యనీ.

నీ అత్త

*

రోహ్‌తక్ దగ్గర,
15 జూన్

అత్తమ్మా,

నీ నుంచి ఉత్తరం లేదు కానీ ఫోను మాత్రం వచ్చింది. మొన్న ఆఫీసు అతను గ్రౌండు మధ్యలోకి వచ్చి, అందరి ముందు, హిందీలో చెప్పాడు. హైదరాబాద్ నుంచి మీ అత్త చేసింది, ఇంట్లో పెరుగు విరిగిందట, నిన్ను ఏదీ మొయ్యొద్దందట, నిలబడొద్దందట. అంతే. నేను ఎవరికేమైందో అని చచ్చేంత భయపడి వస్తే, పెరుగు.

నాయనమ్మ నిన్ను ఇంట్లో కూర్చోబెట్టిందని ఏడాదంతా ఏడ్చినదానివి నువ్వే కదా. నన్ను బరిలో నిలబడొద్దని చెప్పడానికి నీకు వేరే సాకు దొరకలేదా? భయమైతే భయమని రాయి, నేను అర్థం చేసుకుంటాను. శకునం పేరు చెప్పి ఆపాలని చూడకు. నాలుగేళ్లు నా కోసం అబిడ్స్ నుంచి స్టేడియం దాకా సంచి మోసుకుని వచ్చినదానివి, నువ్వు ఇలా అంటావని అనుకోలేదు.

నేను నిలబడతాను. రెండు రౌండ్లూ నిలబడతాను. 24న పుణె వెళ్తున్నాం, హోటల్ చిరునామా వెనక రాశాను. రాయాలనిపిస్తే రాయి.

వనిత

*

నాంపల్లి,
19 జూన్

వనితా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. కోపం తర్వాత పడుదువుగాని, ముందు ఇది చదువు.

పెరుగు దానంతట అది విరగలేదు. నేనే గుద్ది విరగ్గొట్టాను. అది శకునం కాదు, నీ తల. జూన్ 3న అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేసిన ఉత్తరంలో అంతా రాశాను. నీ జవాబు కోసం ఎదురు చూసి చూసి ఫోను చేశాను. నా హిందీ నీకు తెలుసు. ఆ అబ్బాయికి పెరుగు, మొయ్యడం, నిలబడడం, మూడు ముక్కలు అర్థమయ్యాయి. మిగిలింది మింగేశాడు. ఆ ఉత్తరం ఎక్కడుందో ఆఫీసులో అడుగు. దొరక్కపోతే ఇదొక్కటి చాలు: కదలని డబ్బాలో పెరుగు విరిగింది, జరిగిన డబ్బాలో విరగలేదు.

భయం ఉందా అంటే ఉంది. చాలా ఉంది. నిన్ను ఆపాలని కాదు. నువ్వు బరిలోకి దిగు. కానీ నా మాట విని నిలబడకు, ఆ మాట నాదని నేనిప్పుడు ఒప్పుకోను.

పోతరాజును తలచుకో.

కమలత్త

*

పుణె,
2 జూలై

అత్తమ్మా,

గెలిచాను. నీకు తెలిసే ఉంటుంది, అయినా నా చేత్తో రాయాలని.

ఫోన్లు ఇచ్చారు కానీ డాక్టరు వారం పాటు స్క్రీన్ చూడొద్దు, ఫోను మాట్లాడొద్దు అన్నాడు. ఈ ఉత్తరం కూడా రెండు పూటలుగా రాస్తున్నాను. స్కానింగ్ తీశారు, లోపల ఏమీ లేదట. కానీ మూడు నెలలు బరిలోకి దిగకూడదు, తల మీద ఏ బరువూ పెట్టకూడదు. ట్యూబ్‌లైటు సంగతి ఇప్పుడు సార్‌కు చెప్పాను. చాలాసేపు తిట్టారు. నాకు చెప్పి ఉంటే దింపేవాణ్నే కాదన్నారు. అందుకే చెప్పలేదు సార్ అంటే ఇంకా తిట్టారు.

నీ రెండు ఉత్తరాలూ బరువు తూచే రోజు పొద్దున ఒకేసారి దొరికాయి. మొదటిది క్యాంపు ఆఫీసులో పార్సిళ్ల కింద ఉండిపోయిందట, ఇప్పుడు పుణెకు పంపారు. మంచం మీద కూర్చుని చదివాను. వామన్‌రావు గారి మజ్జిగ దగ్గర నవ్వాను, తర్వాత ఏడ్చాను. నిన్ను అలా అన్నందుకు సిగ్గేసింది. నిలబడకూడదని అప్పుడే అనుకున్నాను.

కానీ అనుకోవడం వేరు, గంట మోగాక వేరు. మొదటి రౌండులో తల వినలేదు. రెండో రౌండులోనూ అంతే, అక్కడే ఉంది, అన్నీ తింది. చివర్లో కణతకు ఒకటి తగిలింది. నొప్పి లేదు. ఎవరో రేడియో కట్టేసినట్టు అయింది.

ఆ తర్వాత నాకు తెలిసింది నాలుగో రౌండు గంట. మధ్యలో ఏమీ లేదు అత్తమ్మా. మూడో రౌండు నా దగ్గర లేదు. సార్ ఏమో ఆ రౌండు గురించే అందరికీ చెబుతున్నారు. "రెండు నెలలుగా దీని కోసమే చూస్తున్నాను, తలకు ఒక్కటి కూడా తగలలేదు, తల ఎటు పోతుందో ఆ పిల్లకు అంతు పట్టలేదు" అంటున్నారు. రెండో రౌండు విరామంలో నేను నవ్వానట కూడా. అందుకే నాకు ఏమీ కాలేదనుకున్నారట. దేనికి నవ్వానో నాకు తెలియదు. నేర్చుకోవాలని వచ్చినది నేర్చుకున్న రౌండులో నేనే లేను. ఇది ఎలా కుదురుతుంది? నేను లేకపోతే ఎవరు ఆడారు?

క్యాంపు వాళ్లు ఇంకో ఏడాది ఉండమంటున్నారు. మళ్లీ బరిలోకి దిగాలా వద్దా? నువ్వే చెప్పు, ఈసారి వింటాను.

వనిత

*

నాంపల్లి,
8 జూలై

బిడ్డా,

నువ్వు స్క్రీన్ చూడకూడదు కదా, నేను చూశాను. వామన్‌రావు గారి ఇంట్లో టీవీకి ఫోను కలిపి పెట్టారు. ఆ రోజు సగం చేతులతో ముఖం కప్పుకునే చూశాను. నీ ఉత్తరం వచ్చాక వెళ్లి మూడో రౌండు ఒక్కటే, దాని ముందు విరామం నుంచి, మళ్లీ పెట్టమన్నాను. నీ దగ్గర లేనిది నా దగ్గర ఉంది, రాస్తున్నాను, దాచుకో.

గంట మోగగానే నువ్వు నడుచుకుంటూ మధ్యలోకి వెళ్లావు. ఆ పిల్ల కుడి చేత్తో కొట్టింది. నీ తల వంగలేదు. నీ మోకాళ్లు వంగాయి. దాని చెయ్యి నీ జుట్టును రాసుకుంటూ పై నుంచి పోయింది. నువ్వు అటువైపు నుంచి లేచి పక్కటెముకల్లో ఒకటి ఇచ్చావు. "వారెవ్వా" అన్నారు వామన్‌రావు గారు. మళ్లీ ఎడమ చెయ్యి వచ్చింది, నువ్వు ఇటు జారావు. చూపు మాత్రం దూరంగా, నేను నేర్పినట్టే ఉంది. నీ తల మీద ఏదో ఉందనీ, అది ఒలకకూడదనీ నువ్వు జాగ్రత్త పడుతున్నట్టుంది. ఒకసారి తాళ్ల దగ్గర దొరికిపోయావు. అప్పుడు దెబ్బను భుజం మీద తీసుకుని దానితో పాటే తిరిగి బయటికి వచ్చావు. ఆ పిల్ల నీ కోసం వెతుక్కుంది. నేను ఏడ్చాను, వామన్‌రావు గారి భార్య నీళ్లు తెచ్చి ఇచ్చింది. అప్పుడు నువ్వు గెలుస్తున్నావని ఏడ్చాను. నువ్వు అందులో లేవని ఇప్పుడు తెలిసింది, మళ్లీ ఏడ్చాను.

విరామంలో దేనికి నవ్వావో కూడా చెబుతాను. మీ సార్ నీళ్ల సీసా నీ ముఖం ముందు పట్టుకుని ఏదో అరుస్తున్నారు. సీసా ఆయన చేతిలో కదలకుండానే ఉంది, లోపల నీళ్లు మాత్రం ఊగుతున్నాయి. నువ్వు దాన్నే చూశావు. తర్వాత నవ్వి ఒక మాట అన్నావు. సార్‌కు తెలుగు రాదు, ఆయనకు అర్థం కాలేదు. నేను పెదవులు చూశాను, వామన్‌రావు గారిని కూడా చూడమన్నాను, ఆయనా అదే అన్నారు. నువ్వు "పెరుగు" అన్నావు.

కాబట్టి నువ్వు లేకుండా పోలేదు. ఎక్కడో ఉన్నావు, నా ఉత్తరం పట్టుకుని ఉన్నావు.

మళ్లీ దిగాలా వద్దా అంటే నేను చెప్పను. నా మాట విని ఒకసారి నిలబడ్డావు, అది చాలు. కానీ ఒకటి అడుగుతాను, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. నీ జీవితంలో బాగా ఆడిన రౌండు ఇంకొకరు చెబితే తప్ప నీకు తెలియకుండా పోవడం నీకు సమ్మతమేనా? మూడు నెలలు టైముంది, ఆలోచించి నీకు నువ్వే జవాబు చెప్పుకో. జవాబు ఏదైనా నాకు కోపం లేదు.

20వ తేదీ ఆదివారం మన బోనాలు. ఈ లోపు వచ్చెయ్. ఈ ఏడు నీ తల మీద ఏమీ పెట్టను, పెరుగు ఎంత బాగా తోడుకున్నా సరే. బోనం నేనే ఎత్తుతాను. నువ్వు ఖాళీ తలతో నా పక్కన నడువు. నా తల వైపు చూడకు, మోకాళ్ల వైపు చూడు.

నీ కమలత్త